ఇంజను కేబిన్లో ధ్యాస

మా నాయన చాలా ఏళ్లు చెరకు బండి తోలాడు. క్రషింగు రోజుల్లో రాత్రి భోజనం కాగానే బండి కట్టి, ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో నిలబెట్టి, తూకం అయ్యాక ఏ తెల్లవారుజామునో ఖాళీ బండితో తిరిగొచ్చేవాడు. తిరుగుదారిలో ఆయన తోలింది ఎప్పుడూ లేదు. బండిలో గడ్డి పరచుకుని పడుకుంటే ఎద్దులే ఇంటికి తెచ్చేవి. ఎదురుగా లారీ వస్తే అవే పక్కకి తప్పుకునేవి, కల్వర్టు దగ్గర అవే నెమ్మదించేవి, మా వీధి మలుపులో అవే తిరిగేవి. తర్వాత ఎద్దుల్ని అమ్మేసి, పెదనాన్నతో కలిసి వాటాకి ట్రాక్టరు కొన్నాం. రెండో ఏడు, అదే దారిలో, అదే వేళకి, నాయనకి రెప్ప వాలింది. ట్రాక్టరు కాలవలోకి దిగిపోయింది. చెయ్యి విరగడంతో గండం తప్పింది. కట్టు కట్టించుకుని మంచం మీద పడుకున్నప్పుడు ఆయన నాతో అన్న మాట ఇది: "ఎద్దుకి కళ్లున్నాయిరా బాబూ. ట్రాక్టరుకేటున్నాయి, లైట్లేగా."

ఈ మాట నాకు మళ్లీ గుర్తుకొచ్చింది మా మేనత్త కొడుకు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా సెలెక్టయ్యి ట్రెయినింగుకి వెళ్లినప్పుడు. ట్రాక్టరుకే కళ్లు లేకపోతే, వేల టన్నుల గూడ్సు బండికి ఎక్కడివి? ముందు కూర్చున్న ఇద్దరు మనుషుల కళ్లే దానికి కళ్లు. ఆ కళ్లు రాత్రి మూడు గంటలకి కూడా తెరుచుకుని ఉండాలి. తెరుచుకుని ఉంటే చాలదు, చూడాలి కూడా. చూడటం వేరు, కళ్లు తెరవడం వేరు అన్న సంగతి లెక్చర్ హాల్లో చివరి బెంచీ మిత్రులకి నేను వేరే చెప్పనక్కరలేదు.

ముందే ఒక మాట. ఇంజను కేబిన్లోకి నాబోటివాణ్ణి ఎక్కనివ్వరు, ఎక్కనివ్వకూడదు కూడా. కాబట్టి ఇక్కడ రాసేది బావ సెలవుకి వచ్చినప్పుడు అడిగి తెలుసుకున్నదీ, ఆ తర్వాత చదువుకున్నదీ, కొంత మన ఫిజిక్సు లెక్కా.

ఈ ఉద్యోగానికి మన బి.ఎస్సీ. పనికిరాదు. పదో తరగతి పైన ఐ.టి.ఐ. గాని, ఇంజనీరింగు డిప్లొమా గాని డిగ్రీ గాని ఉండాలి. రాతపరీక్షలు దాటినవాళ్లకి ఒక వింత పరీక్ష ఉంటుంది. లక్నోలో ఉన్న రైల్వే పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. వారి పద్ధతి ప్రకారం కంప్యూటరు మీద పెట్టే ఈ పరీక్షలో అయిదు భాగాలు: జ్ఞాపకశక్తి, సూచనలు పాటించడం, లోతూ దూరమూ అంచనా కట్టడం, ఏకాగ్రత, చూసినదాన్ని చప్పున పోల్చుకోవడం. ఒక్కొక్క భాగంలోనూ కనీస స్కోరు 42 తెచ్చుకోవాలి. ఒకదాంట్లో ఎక్కువొచ్చింది కదా అని ఇంకొకదాంట్లో తగ్గితే ఒప్పుకోరు. ఏ వర్గానికీ సడలింపు లేదు. తర్వాత కళ్ల పరీక్ష. అద్దాలు లేకుండా దూరపుచూపు పూర్తిగా ఉండాలి, రంగుల గుర్తింపులో తేడా ఉండకూడదు. మా ఊరినుంచి రాతపరీక్ష నెగ్గిన కుర్రాడొకడు ఈ కళ్ల పరీక్షలోనే వెనక్కి వచ్చేశాడు. ఎరుపూ ఆకుపచ్చా తనకి సరిగా తేడా తెలియదన్న సంగతి అంతవరకూ వాడికే తెలియదు. పొలంలో మిరపకాయలు కోసేటప్పుడు పచ్చికాయలు తెచ్చేవాడని వాళ్లమ్మ తిట్టేదట!

ఇంత కఠినంగా ఎందుకు వడపోస్తారో తెలియాలంటే రైలు ఆగే తీరు తెలియాలి. సైకిలుకో బస్సుకో మనం చూసిన దాన్నిబట్టి రైలును ఊహించుకుంటే తప్పులో కాలేసినట్టే. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం. రెంటి మధ్య ఒరిపిడి చాలా తక్కువ. అందుకే అంత బరువును అంత సులువుగా లాగగలుగుతుంది, అందుకే అంత సులువుగా ఆగదు. 58 వ్యాగన్ల ఖనిజం బండి అనుకోండి. నిండు వ్యాగను ఒక్కొక్కటి సుమారు 81 టన్నులు. మొత్తం 4,700 టన్నుల దాకా వస్తుంది. అది గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది, అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. బ్రేకు పడ్డాక ప్రతి సెకనుకీ వేగం 0.2 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుని మన ఇంటర్మీడియట్ సూత్రంలో వేసి చూస్తే, బండి ఆగడానికి దాదాపు 700 మీటర్లు, 80 సెకన్ల పైన పడుతుంది. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు. ఇక గంటకి 100 కిలోమీటర్లతో పోయే ప్రయాణికుల బండిలో డ్రైవరు అయిదు సెకన్లు పక్కకి చూస్తే, ఆ అయిదు సెకన్లలో బండి 140 మీటర్లు ఎవరూ చూడకుండా పోయినట్టే లెక్క.

అంటే డ్రైవరు అడ్డం కనిపించాక బ్రేకు వేయడం కాదు, కనిపించకముందే వేయాలి. దానికోసమే సిగ్నళ్లు. ఆకుపచ్చ అంటే పొమ్మని. ఒక్క పసుపు అంటే తర్వాతి సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధపడమని, దాని పేరు 'కాషన్'. ఎరుపు సంగతి అందరికీ తెలిసిందే. ఈ మూడూ కాక ఒకదానిమీద ఒకటిగా రెండు పసుపు దీపాలు వెలుగుతాయి. రైల్వే భాషలో ఆ సంకేతం పేరే 'అటెన్షన్'. ముందున్న సిగ్నలును తగ్గించిన వేగంతో దాటడానికి తయారుగా ఉండమని దాని అర్థం. ధ్యాస అనే మాటని ఇలా రెండు దీపాలుగా చేసి స్తంభానికి తగిలించినవాడెవడో గాని, నాకు భలే నచ్చాడు.

అయితే గొడవంతా ఇక్కడే ఉంది. డ్రైవరు ప్రయాణంలో చూసేది ఎక్కువగా ఆకుపచ్చే. పది, ఇరవై, యాభై సిగ్నళ్లు వరసగా ఆకుపచ్చ వచ్చాక యాభై ఒకటోది కూడా ఆకుపచ్చేనని మెదడు ముందే రాసేసుకుంటుంది. పాఠం రాని పిల్లాడు పుస్తకం చూడకుండానే చదివేస్తున్నట్టు. ఇంగ్లండులో నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు 1940లలో దీన్ని పరీక్షకి పెట్టాడు. రేడారు ముందు కూర్చునే సైనికులు కొంతసేపయ్యాక తెరమీది గుర్తుల్ని ఎందుకు వదిలేస్తున్నారన్నది ప్రశ్న. ఒక గడియారం ముల్లు సెకనుకో గెంతు చొప్పున తిరుగుతుంటుంది. ఎప్పుడో ఒకసారి రెండు గెంతులు ఒకేసారి వేస్తుంది. అది చూసినప్పుడు మీట నొక్కాలి, అంతే పని. రెండు గంటలు. మొదటి అరగంట గడిచేసరికే తప్పిపోయేవి పెరిగాయి. వాళ్లు సోమరులూ కారు, నిద్రపోనూ లేదు. ఏమీ జరగని చోట ఏదో జరుగుతుందేమోనని కనిపెట్టుకుని కూర్చోవడం మనిషి మెదడుకి చేతకాని పని, అంతే. రాత్రి చేలో అడవిపందులకి కాపలా కాసినవాళ్లకి ఈ సంగతి మాక్‌వర్త్ చెప్పనక్కర్లేదు. అందుకే మావాళ్లు మంచె మీద ఊరికే కూర్చోరు, డబ్బా కొడుతూ కేకలు పెడుతూ ఉంటారు. పందుల కోసం ఎంతో, నిద్ర రాకుండా ఉండటానికీ అంతే.

రైల్వేవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే. సిగ్నలు కనబడగానే అసిస్టెంటు చెయ్యి చాపి దాన్ని చూపిస్తూ పైకి చెప్పాలి: "డిస్టెంట్, డబుల్ ఎల్లో." లోకో పైలట్ తన కళ్లతో చూసి, తనూ చూపించి, అదే మాట తిరిగి అనాలి. తర్వాత "హోమ్, ఎల్లో." మళ్లీ అదే. వేగ నియంత్రణ బోర్డులు వచ్చినా అంతే. ట్రెయినింగులో మొదటి వారం బావకి ఇది నవ్వులాటగా ఉండేదట. ఇద్దరూ ఒక్క గదిలో పక్కపక్కనే కూర్చుని, ఇద్దరికీ కనిపిస్తున్న దీపాన్ని ఒకరికొకరు అరిచి చెప్పుకోవడమేమిటని. అసలు కిటుకు ఏమిటంటే, కంటికి తోడు చెయ్యీ, నోరూ, చెవీ కూడా పనిలోకి దిగుతాయి. చెయ్యి చాపాలంటే ఆ దీపం ఎక్కడుందో నిజంగా చూడాలి. రంగు పైకి అనాలంటే ముందు రంగు పోల్చుకోవాలి. ఒకరు తప్పు చెబితే రెండోవారి చెవిన పడుతుంది.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్లు జపాను రైల్వేవారు. అక్కడ వందేళ్లకి పైబడి ఉంది. 1990లలో అక్కడి రైల్వే పరిశోధనా సంస్థ లెక్క చూస్తే, ఊరికే చేసే పనిలో నూటికి 2.38 తప్పులు వచ్చినచోట, వేలితో చూపి పైకి చెప్పి చేస్తే 0.38కి తగ్గాయి. ఆరో వంతు! మన విశాఖకి జపానుతో ఉన్న బంధం కూడా పట్టాలదే గదా. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం జపానుకి పంపడానికే 1960లలో కొత్తవలస–కిరండూలు లైను వేశారు. ఆ ఖనిజం మన రేవునుంచి వాళ్ల ఓడల్లోకి పోయింది. వాళ్ల ఉక్కు కొలుముల్లోకి మన రాయి వెళ్తే, మన ఇంజన్లలోకి వాళ్ల వేలు వచ్చింది అనుకుంటాను నేను. (ఇది నా సొంత తమాషా. చరిత్ర మేష్టార్లు మన్నించాలి.)

ఆ లైను మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుదాం. అరకు వెళ్లిన ప్రతివాడూ సొరంగాలు లెక్కపెడతాడు. లైను మొత్తం మీద 58 ఉన్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి ఖనిజం నింపుకున్న బండి సముద్రం వైపు దిగాలి. ఘాట్‌లో వాలు 60కి 1, అంటే 60 మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు కిందికి. వినడానికి ఏమంత వాలు కాదు. కాని 4,700 టన్నులను 60తో భాగించండి. 78 టన్నులు వస్తుంది. చక్రాల ఒరిపిడికి కొంత పోయినా, దాదాపు అంత బరువు బండిని ముందుకి కట్టి లాగుతున్నట్టే, దిగువకు చేరేదాకా. ఇక్కడ డ్రైవరు పని బండిని నడపడం కాదు, పట్టి ఉంచడం. ఎలక్ట్రిక్ ఇంజను మోటార్లే జనరేటర్లుగా మారి వేగాన్ని బిగబట్టి ఉంచుతాయి. దానికి తోడు గాలి బ్రేకు. బండి పొడవునా పోయే గొట్టంలో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడితో గాలి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గితేనే బ్రేకు పడుతుంది. అందువల్ల గొట్టం తెగినా బండి ఆగుతుంది గాని పారిపోదు. చాలా తెలివైన ఏర్పాటు. కాని ఒక చిక్కుంది. వేసి వదిలి, వేసి వదిలి చేస్తూ పోతే, వ్యాగన్లలో గాలి తిరిగి నిండే వ్యవధి చాలక బ్రేకు బలహీనపడుతుంది. మోటారు ఆపకుండా తోడితే బావిలో ఊట అందనట్టు. అందుకని ఘాట్‌లో కంగారుకి చోటు లేదు. ముందే వేగం తగ్గించుకుని దిగాలి. బండి బయలుదేరిన కొత్తలోనే ఒకసారి బ్రేకు వేసి అది పట్టే తీరు చూసుకోవాలని నియమం. కొత్త డ్రైవరుకి లైసెన్సు ఉన్నంత మాత్రాన కొత్త దారిలో బండి ఇవ్వరు. ముందు పాతవాళ్లతో రాత్రీ పగలూ తిరిగి 'రోడ్డు నేర్చుకోవాలి', నేర్చుకున్నానని సంతకం చెయ్యాలి. ఏ మలుపు వెనక ఏ సిగ్నలు ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగినవాడే కళ్లు తెరుచుకుని నడపగలడు.

ఇంజనులో మరో కాపలాదారు ఉంటాడు. విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అంటారు. డ్రైవరు 60 సెకన్లపాటు దేన్నీ ముట్టుకోకపోతే, అంటే హారను, బ్రేకు, వేగం మార్చే పిడి, ఏదీ కదపకపోతే, ముందు ఒక దీపం మిణుకుమంటుంది. ఎనిమిది సెకన్లు చూసి బజరు మోగుతుంది. మరో ఎనిమిది సెకన్లలో మీట నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. బాగానే ఉంది. కాని నిమిషానికోసారి మీట నొక్కడం అలవాటైపోతే, సగం నిద్రలో కూడా వేలు ఆ పని చేసేస్తుందట. అలారం గడియారం నోరు నొక్కి మళ్లీ ముసుగు తన్నే మనకి ఇదేమీ కొత్త కాదు. వేలు మేలుకుని ఉందో లేదో చెప్పగలదు గాని, మనిషి మేలుకుని ఉన్నాడో లేదో ఆ యంత్రం చెప్పలేదు.

ఇప్పుడు మన ముంగిట జరిగిన సంగతి. 2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం చీకటిపడ్డాక, విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య, ముందు పోతున్న విశాఖ–పలాస పాసింజరును వెనకనుంచి విశాఖ–రాయగడ పాసింజరు ఢీకొట్టింది. కనీసం 14 మంది చనిపోయారు. వెనక బండి లోకో పైలటూ, ముందు బండి గార్డూ వారిలో ఉన్నారు. ఆ రెండూ మన పిల్లలు శని ఆదివారాలకి ఊళ్లు వెళ్లొచ్చే బండ్లు. ఆ రాత్రి ఎంతమంది ఇళ్లలో ఫోన్లు ఆగకుండా మోగాయో మనలో కొందరికి తెలుసు. అది ఆటోమేటిక్ సిగ్నళ్ల సెక్షను. రెండు స్టేషన్ల మధ్య ఒకదాని వెనక ఒకటి అనేక బండ్లు పోవచ్చు. అలాంటిచోట సిగ్నలు ఎర్రగా ఉంటే, అది పాడై ఎర్రగా ఉన్నా సరే, పగలయితే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత ముందు ఏదో ఉందనే అనుకుంటూ, ఎప్పుడైనా ఆపగలిగేంత నెమ్మదిగా పోవాలి. వెనక బండి అలా ఆగకుండా రెండు పాడైన సిగ్నళ్లను దాటిపోయిందని ప్రాథమిక విచారణ చెప్పింది.

ఎందుకు దాటింది అన్నదాని మీద అప్పుడు చాలా మాటలు వచ్చాయి. చనిపోయినవాడు వచ్చి సమాధానం చెప్పుకోలేడు గనక వాటిని నేనిక్కడ ఎత్తను. నాకు పట్టిన ప్రశ్న వేరు. రెండు నిమిషాలు ఎంతసేపు? నేను హాస్టల్ గదిలో గడియారం పెట్టుకుని చూశాను. ఏ పనీ లేకుండా, చీకట్లోకి చూస్తూ, వెనక వందలమంది ప్రయాణికులున్నారని, బండి లేటవుతోందని అనుకుంటూ 120 సెకన్లు కూర్చోండి. తొంభై దగ్గరే నా కాలు ఊగడం మొదలైంది. పైగా అది 'పాడైన ఎరుపు' అని తెలిశాక ఆ ఎరుపు మీద గౌరవం పోతుంది. పాడయిందన్న మాట దీపానికే చెల్లుతుంది, ముందు బండి లేదనడానికి సాక్ష్యం కాదు. ఈ తేడాని వెయ్యోసారి కూడా మొదటిసారిలాగే మనసులో పెట్టుకోవడమే ఆ ఉద్యోగం.

ఫోన్ల సంగతి ఒక్క ముక్కలో: బండి నడుస్తున్నంతసేపూ స్విచ్ ఆఫ్ అని నియమం. ఎందుకో అమెరికాలో 2008 సెప్టెంబరు 12న తేలిపోయింది. కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ దగ్గర ఒక డ్రైవరు మెసేజీలు పంపుకుంటూ ఎర్ర సిగ్నలు దాటి ఎదురుగా వస్తున్న గూడ్సును ఢీకొన్నాడు. 25 మంది పోయారు.

కాని ధ్యాసని తినేసేది ఫోను ఒక్కటే కాదు. భయం కూడా తింటుంది. పెద్దవాళ్లు దీన్ని అంత తొందరగా ఒప్పుకోరు గాని, జపానులోనే ఉదాహరణ ఉంది. 2005 ఏప్రిల్ 25న అమగసాకిలో ఒక లోకల్ రైలు 70 కిలోమీటర్ల వేగంతో తిరగాల్సిన మలుపులోకి 116తో వెళ్లి పట్టాలు తప్పింది. డ్రైవరుతో కలిపి 107 మంది చనిపోయారు. డ్రైవరు వయసు 23. అంతకు ముందు స్టేషనులో ఆగవలసిన చోటు దాటిపోయాడు. దానికి పడే శిక్ష తలుచుకుంటూ, గార్డు కంట్రోలుతో రేడియోలో ఏం చెబుతున్నాడో వింటూ బ్రేకు సమయం మరిచిపోయి ఉంటాడని విచారణ సంఘం తేల్చింది. అక్కడ తప్పు చేసిన డ్రైవర్లను 'తిరిగి శిక్షణ' పేరిట రోజుల తరబడి అవమానించేవారట. వేలితో చూపే పద్ధతి ఇచ్చిన దేశమే ఈ పాఠం కూడా ఇచ్చింది. చిన్న తప్పు చేసినవాడు నిర్భయంగా చెప్పుకోగలిగితేనే వాడి మనసు మళ్లీ పట్టా మీదికి వస్తుంది. నాకయితే సేఫ్టీ పోస్టర్ల కన్నా ఇది పెద్ద విషయమనిపిస్తుంది.

ఇక నిద్ర. రాత్రి రెండు నుంచి అయిదు దాకా శరీరం తనకు తానే కిందికి జారుతుంది. ఎంత జీతమిచ్చినా, ఎంత టీ తాగినా జారుతుంది. ఒక్కోసారి కళ్లు తెరిచి ఉండగానే మెదడు రెండు మూడు సెకన్లు కునుకు తీస్తుంది. ఆ సంగతి మనిషికే తెలియదు. రన్నింగ్ రూములో నిద్ర లేచిన మొదటి పావుగంట, అరగంట కూడా మందకొడిగానే ఉంటుంది. కాబట్టి డ్యూటీకి పిలుపు ముందుగా రావడం, లేచి ముఖం కడుక్కుని నాలుగడుగులు నడవడం, సైన్ చేసేటప్పుడు గొట్టంలో ఊది మందు తాగలేదని నిరూపించుకోవడం, ఇవన్నీ కేబిన్ ఎక్కకముందే మొదలయ్యే జాగ్రత్తలు. కడుపునిండా అన్నం తిని ఎక్కొద్దని పాతవాళ్లు చెబుతారట. ఇద్దరూ మాట్లాడుకోవాలి గాని తగాదా పెట్టుకోకూడదు. ఒకడికి తూగు వస్తుంటే రెండోవాడితో చెప్పడం సిగ్గుపడే విషయం కాదు.

అసలు నిద్ర ఇంట్లో పోవాలి. ఇది రైల్వేవారి చేతుల్లో సగమే ఉంది, మిగతా సగం ఇంటివాళ్ల చేతుల్లో. పగలు పది గంటలకి పడుకున్నవాడి గది బయట పెళ్లి బాజాలుంటాయి, ఉల్లిపాయలవాడుంటాడు, పలకరించడానికొచ్చిన చుట్టాలుంటారు. బావ సెలవుకి కాకుండా డ్యూటీ మధ్య ఒక పూట వస్తే మా అత్త వీధి తలుపు వేసేసి, దూడని తీసుకెళ్లి అవతల కళ్లంలో కట్టేస్తుంది. అది అంబా అంటే వాడు లేస్తాడని. ఆ బండిలో కూర్చున్న వెయ్యిమందికి ఈ దూడ సంగతి ఎప్పటికీ తెలియదు.

కొత్తగా 'కవచ్' వచ్చింది గదా, ఇంకా ఇవన్నీ ఎందుకని మిత్రులు అడిగారు. పట్టాల మధ్య బిగించిన చిన్న ట్యాగులు, రేడియో సంకేతాలు, ఇంజనులో కంప్యూటరు. డ్రైవరు ఎరుపును పట్టించుకోకపోతే అదే బ్రేకు వేస్తుంది. 2016లో దక్షిణ మధ్య రైల్వేలోనే ప్రయాణికుల బండ్ల మీద మొదట పరీక్షించారు. 2022 మార్చి 4న సికిందరాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు బండ్లను ఎదురెదురుగా నడిపిస్తే 380 మీటర్ల దూరంలో అదే ఆపేసింది. కంటకాపల్లి దగ్గర అది ఉండి ఉంటే అన్న ఊహ రాకుండా ఉండదు. దేశమంతటా పట్టాలకి అది త్వరగా రావాలి, ఈ విషయంలో రెండో మాట లేదు.

అయినా మా నాయన సంగతి నన్ను వదలదు. ఆయన ట్రాక్టరు మీద కునుకు తీసింది ఆ ఒక్క రాత్రి అలసట వల్ల కాదు. ఎద్దులు ఇన్నేళ్లూ ఆయనకి ఆ దారిలో నిద్రపోవడం అలవాటు చేశాయి. కవచ్ కూడా మంచి ఎద్దులాంటిదే. అది ఉన్న లైనులో పదేళ్లు నడిపిన డ్రైవరు, అది లేని లైనులోకో, పనిచేయని రోజులోకో వెళ్తే? బావని ఇదే అడిగాను. కాసేపు ఆలోచించి, "అందుకేరా, అది ఉన్నా లేకపోయినా చెయ్యి చాపి అరవమంటారు" అన్నాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు రాత్రి నాయనతో కలిసి పొలంలో మోటారు కట్టెయ్యడానికి వెళ్లాను. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. స్టార్టరు ఆపి, సగం దూరమే లేచే ఆ చేతితో డబ్బా వైపు చూపించి, చీకట్లో గట్టిగా, "మోటారు, ఆఫ్" అన్నాడు. నేను నవ్వాను. "నువ్వూ అనరా," అన్నాడు.